ఆన్ అవుతోంది, ఆఫ్ అవుతోంది, మళ్లీ ఆన్ అవుతోంది: రీస్టార్ట్ లూప్‌లో పడిన సిస్టమ్‌ను ఇంట్లోనే దారికి తేవడం ఎలా?

దసరా అయిన నాలుగో రోజున మా మేనమామ ఫోన్ చేశాడు. "ఒరేయ్, మన సీపీయూ దానంతటదే ఆఫ్ అవుతోంది, మళ్లీ ఆన్ అవుతోంది. షాపులో చూపిస్తే మదర్‌బోర్డు పోయింది, ఆరు వేలవుతుంది అన్నారు. మార్పించెయ్యమంటావా?" అని. "సాయంత్రం నేనొస్తా మామయ్యా, అప్పటిదాకా ఎవరికీ డబ్బులివ్వకు" అన్నాను. ఆ సిస్టమ్‌కు వచ్చిన జబ్బేమిటో కాసేపాగి చెబుతాను.

కంప్యూటర్ ఇలా లూప్‌లో పడగానే ఇంట్లో ఎవరో ఒకరు "ఫార్మాట్ కొట్టించేద్దాం" అంటారు. దయచేసి ఆ మాట ఇప్పుడే ఎత్తకండి. కరెంట్ సరిగ్గా అందక పడిపోతున్న సిస్టమ్‌ను పదిసార్లు ఫార్మాట్ చేసినా పడిపోతూనే ఉంటుంది. ఫొటోలు పోవడం ఒక్కటే మిగులుతుంది. మీరు చేయాల్సిన మొదటి పని దాన్ని ముట్టుకోకుండా చూడటం. ఎక్కడిదాకా వెళ్లి పడిపోతోందో తెలిస్తే సగం జబ్బు తెలిసినట్టే.

ముందు గడియారం పట్టుకుని కూర్చోండి

ప్రింటర్, పెన్‌డ్రైవ్, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్, వెబ్‌కెమెరా, వైఫై డాంగిల్... కీబోర్డు, మౌస్, మానిటర్ తప్ప తగిలించినవన్నీ పీకేయండి. మరిచిపోయి వదిలేసిన ఒక్క పెన్‌డ్రైవ్ కూడా బూట్‌ను తికమక పెట్టగలదు. ఇప్పుడు ఆన్ చేసి ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కండి. రెండు మూడు సార్లు గమనిస్తే ఈ మూడింట్లో ఏదో ఒకటి కనిపిస్తుంది.

మొదటిది, స్క్రీన్ మీద ఏమీ రాకుండానే, లేదా కంపెనీ లోగో కనీకనిపించకుండానే పడిపోవడం. ఇక్కడికి విండోస్ ఇంకా రానేలేదు కాబట్టి తప్పు దానిది కాదు. కరెంట్, బటన్, ర్యామ్, మదర్‌బోర్డుల్లో ఏదో ఒకటి.

రెండోది, విండోస్ గుర్తు వచ్చి, కింద చుక్కలు గుండ్రంగా తిరిగి, తిరిగి, నీలం తెర ఒక్క క్షణం మెరిసి మళ్లీ మొదటికి రావడం. ఇది ఎక్కువగా అప్‌డేట్, డ్రైవర్ (ఒక్కో భాగాన్ని విండోస్‌తో కలిపి నడిపే చిన్న ప్రోగ్రామ్), లేదా డిస్క్ గొడవ.

మూడోది, డెస్క్‌టాప్ దాకా వచ్చి, అయిదు నిమిషాలో అరగంటో పనిచేసి, అప్పుడు పడిపోవడం. వేడి, ఎస్‌ఎమ్‌పీఎస్ (గోడ కరెంట్‌ను సీపీయూ లోపలి భాగాలకు తగ్గించి ఇచ్చే డబ్బా), గ్రాఫిక్స్ డ్రైవర్, యూపీఎస్ వీటిని అనుమానించాలి.

ఏ రకమో తేలకపోతే నేను ఎప్పుడూ చేసే ఒక చిన్న పరీక్ష ఉంది. ఆన్ చేయగానే డిలీట్ కీ గానీ ఎఫ్2 గానీ టకటకా నొక్కుతూ బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందే వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల తెరలోకి వెళ్లండి. కొన్ని కంపెనీల వాటికి ఎఫ్10, ఇంకొన్నిటికి ఎస్కేప్. లోపల ఏమీ మార్చకండి. ఆ తెర అలాగే వదిలేసి వెళ్లి టీ పెట్టుకోండి. ఇరవై నిమిషాల తర్వాత వచ్చి చూసినా అది అక్కడే ఉంటే కరెంటూ బోర్డూ చాలావరకు బాగానే ఉన్నట్టు, అనుమానం విండోస్ వైపు మళ్లించవచ్చు. బయోస్‌లో ఉండగానే పడిపోయిందా, ఇక విండోస్‌తో మీకు పనిలేదు, స్క్రూడ్రైవర్ తీయండి. బయోస్‌లో ఉన్నప్పుడు సిస్టమ్ మీద పెద్ద బరువు పడదు కనుక ఇది నూటికి నూరు పాళ్లు తీర్పు కాదు. అయినా షాపుకు వెళ్లేముందు ఈ ఇరవై నిమిషాలు ఖర్చు పెట్టడం లాభమే.

లోగో కూడా రాకుండా పడిపోతుంటే

గోడ దగ్గర మొదలుపెట్టండి. ఎక్స్‌టెన్షన్ బాక్స్, స్పైక్ బస్టర్, యూపీఎస్ అన్నీ పక్కన పెట్టి సీపీయూ వైరును నేరుగా గోడ ప్లగ్‌లో పెట్టి చూడండి. మన ఇళ్లలో యూపీఎస్ కొన్న రోజు నుంచి దాని బ్యాటరీ గురించి ఎవరూ పట్టించుకోరు. లోపల ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీ రెండు మూడేళ్లకు నీరసపడిపోతుంది. అప్పుడు కరెంట్ పోయిన క్షణంలో అందుకోవాల్సిన యూపీఎస్ చేతులెత్తేస్తుంది, సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది. ఫ్రిజ్ కంప్రెసర్ అందుకున్నప్పుడో, బోరు మోటారు వేసినప్పుడో పడిపోతుంటే కారణం కంప్యూటర్‌లో లేదు, వోల్టేజీలో ఉంది. ఒకరోజు కాగితం మీద పడిపోయిన టైములన్నీ రాసిపెట్టండి, మోటారు వేసే టైముతో కలుస్తాయేమో చూడండి.

తర్వాత పవర్ బటన్. మా మామయ్య సిస్టమ్ కథ ఇదే. ఆయుధ పూజ రోజు అత్తయ్య సీపీయూకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. బాగా కనిపించే చోటని సరిగ్గా పవర్ బటన్ మీదే పెట్టింది. తడి పసుపు బటన్ చుట్టూ ఉన్న సందులోకి దిగి, ఆరి, బటన్‌ను లోపలికే పట్టేసింది. పవర్ బటన్‌ను నాలుగైదు సెకన్లు నొక్కి పట్టుకుంటే ఏ కంప్యూటరైనా ఆఫ్ అవుతుంది కదా. ఇక్కడ వేలు తీసేసినా బటన్ మాత్రం నొక్కినట్టే ఉండిపోతోంది. ఆన్ అవడం, ఐదో సెకనుకు ఆఫ్ అవడం, బటన్ కాస్త కదిలితే మళ్లీ ఆన్ అవడం. పాత టూత్‌బ్రష్‌తో సందు గీకి, బటన్ నాలుగుసార్లు ఆడించాను. ఆ మదర్‌బోర్డే ఇప్పటికీ నడుస్తోంది.

కాబట్టి స్టాప్‌వాచ్‌లో ప్రతిసారీ లెక్క పెట్టినట్టు నాలుగైదు సెకన్లే వస్తుంటే ముందు బటన్‌ను చూడండి. రీసెట్ బటన్ ఉన్న పాత క్యాబినెట్ అయితే దాన్నీ చూడండి. అనుమానం తీరకపోతే క్యాబినెట్ తెరిచి, రీసెట్ బటన్ నుంచి వచ్చి మదర్‌బోర్డు అంచున గుచ్చి ఉన్న సన్న వైరు జత పీకేయండి. ఆ బటన్ లేకపోయినా ఏ లోటూ ఉండదు. తీసేముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఏ వైరు ఎక్కడిదో తర్వాత గుర్తుండదు, నాకే ఉండదు.

ఇక ర్యామ్. డెస్క్‌టాప్‌లలో ఈ లూప్‌కు నేను చూసినంతలో తరచుగా దొరికే కారణం, ఇంట్లో సులువుగా సరిచేసుకోగలిగిందీ ఇదే. కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

ప్లగ్ పీకండి. స్విచ్ ఆపితే చాలదు, పీకాలి. పీకాక పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంట్ దిగిపోతుంది. క్యాబినెట్ వెనక స్క్రూలు తీసి పక్క రేకు వెనక్కి జరిపితే ఊడి వస్తుంది. లోపల చేయి పెట్టేముందు రంగు లేని లోహపు భాగాన్ని ఒకసారి తాకండి, ఒంట్లో ఉన్న స్టాటిక్ పోతుంది. బల్లి, బొద్దింక, చీమలు ఏవైనా చచ్చి పడి ఉంటే ఆశ్చర్యపోకండి, వెచ్చగా ఉంటుందని వాటికి ఆ డబ్బా ఇష్టం. ప్రాసెసర్ ఫ్యాన్ పక్కన నిలువుగా, అరచేతి పొడవున ఉన్న సన్న పట్టీలే ర్యామ్. రెండు చివర్లా, కొన్నిటికి ఒక చివరే, తెల్లటివో నల్లటివో క్లిప్పులు ఉంటాయి. వాటిని బయటికి నొక్కితే ర్యామ్ కాస్త పైకి లేస్తుంది. అంచులు పట్టుకుని తీయండి.

కింది అంచున బంగారు రంగు గీతలు కనిపిస్తాయి. మసకబారి ఉంటే పిల్లల పెన్సిల్ రబ్బరుతో, గట్టిది కాకుండా మెత్తటి తెల్ల రబ్బరుతో, మెల్లగా రెండు వైపులా తుడవండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంటే దూదికి కొంచెం అద్ది తుడవడం ఇంకా మేలు. రబ్బరు పొడి ఒక్క రేణువు కూడా ఉండకుండా పొడి గుడ్డతో దులపండి. ఆ పొడి స్లాట్‌లో పడితే ఉన్న జబ్బుకు తోడు ఇంకోటి వస్తుంది. మళ్లీ పెట్టేటప్పుడు కింది అంచులో ఉన్న గాటు స్లాట్‌లోని గాటుతో కలవాలి. కలవకపోతే తిప్పి పెట్టండి, బలం ఉపయోగించకండి. రెండు చివర్లా సమానంగా నొక్కితే టక్ మని క్లిప్పు పడుతుంది. ఆ చప్పుడు రాకపోతే అది సరిగ్గా కూర్చోలేదన్నమాటే.

రెండు పట్టీలుంటే ఒక్కటే పెట్టి ఆన్ చేయండి, తర్వాత దాన్ని తీసి రెండోది. ఒకదానితో నడిచి రెండోదానితో పడిపోతే దొంగ దొరికినట్టే. రెండింటితోనూ పడిపోతే స్లాట్ మార్చి చూడండి. ఆన్ చేయగానే బీప్ బీప్ మని కూతలు వస్తే ఎన్ని, పొడుగువా పొట్టివా అని లెక్కపెట్టుకోండి. వాటి అర్థం బయోస్ కంపెనీని బట్టి మారుతుంది, మదర్‌బోర్డు మాన్యువల్లో ఉంటుంది.

ర్యామ్ బాగానే ఉందంటే అనుమానం ఎస్‌ఎమ్‌పీఎస్ మీదికి వెళుతుంది. దీన్ని ఇంట్లో విప్పొద్దు. ప్లగ్ పీకాక కూడా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంట్ నిలిచి ఉంటుంది. తెలిసినవాళ్ల దగ్గర బాగున్న ఎస్‌ఎమ్‌పీఎస్ ఒకటి తెచ్చి తగిలించి చూడటమే నమ్మకమైన పరీక్ష. మదర్‌బోర్డు మీద నిలువుగా ఉండే చిన్న చిన్న గుండ్రటి డబ్బీల తలలు ఉబ్బి ఉన్నాయా, ఏదైనా కారిందా అని టార్చి వేసి చూడండి. ఉబ్బి ఉంటే మాత్రం షాపు పనే.

విండోస్ గుర్తు దాకా వచ్చి పడిపోతుంటే

ఇక్కడ మనల్ని ఏడిపించేది ఒక సెట్టింగ్. దెబ్బ తగిలినప్పుడు తనంతట తానే రీస్టార్ట్ అవ్వాలని విండోస్‌లో ముందే పెట్టి ఉంటుంది. అందుకే నీలం తెర మీద ఏం రాసి ఉందో చదివేలోపు మాయమవుతుంది. 2025లో విండోస్ 11 వాళ్లు ఆ తెరను నలుపు చేశారు కాబట్టి మీకు నల్లది కనిపించినా అదే ఇది. చదవలేకపోతే ఫోన్‌తో స్లో మోషన్ వీడియో తీసి ఆపి చూడండి. నా అనుభవంలో అన్నిటికన్నా తేలిక దారి ఇది.

లూప్ ఆపాలంటే విండోస్ రిపేర్ తెరకు చేరాలి. పాత రోజుల్లో ఎఫ్8 నొక్కితే వచ్చేది, విండోస్ 10, 11లలో మామూలుగా అది పనిచేయదు. దానికి బదులు ఆన్ చేసి, విండోస్ గుర్తు కనిపించగానే పవర్ బటన్ పది సెకన్లు నొక్కి ఆపేయండి. మళ్లీ ఆన్ చేసి మళ్లీ అలాగే. రెండుసార్లు ఇలా తెగితే మూడోసారి అదే ఆటోమేటిక్ రిపేర్‌లోకి వెళ్తుంది. లూప్‌లో ఉన్న సిస్టమ్ చాలాసార్లు తానే అక్కడికి చేరుతుంది. అక్కడ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ట్రబుల్‌షూట్, మళ్లీ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్. తొమ్మిది వరసల పట్టిక వస్తుంది. 9 నొక్కితే తనంతట తాను రీస్టార్ట్ అవడం ఆగుతుంది, తెర కదలకుండా నిలబడుతుంది, తీరిగ్గా ఫొటో తీసుకోవచ్చు. 4 నొక్కితే సేఫ్ మోడ్, అంటే తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే విండోస్ నడిచే పద్ధతి, 5 నొక్కితే ఇంటర్నెట్‌తో కూడిన సేఫ్ మోడ్.

ఇక్కడొక హెచ్చరిక. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కు విండోస్ వేసే బిట్‌లాకర్ అనే తాళం చాలాసార్లు మనకు తెలియకుండానే పడి ఉంటుంది. ఈ దారిలో వెళ్తే 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. టెన్షన్ పడొద్దు. ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ సైట్‌లోకి, ఆ ల్యాప్‌టాప్‌కు వాడిన మెయిల్ ఐడీతోనే లాగిన్ అయితే డివైస్‌ల విభాగంలో ఆ కీ చాలావరకు దొరుకుతుంది. తెర మీద కనిపించే కీ ఐడీతో సరిపోల్చుకుని ఎక్కించండి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే కీ ఆఫీసు ఐటీ వాళ్ల దగ్గరే ఉంటుంది, మీరు ఇంకేమీ కెలక్కండి.

తెర నిలబడ్డాక స్టాప్ కోడ్ అన్న వరుస చదవండి. ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అని ఉంటే విండోస్‌కు డిస్క్ కనబడటం లేదు. డిస్క్ వైరు వదులైనా రావచ్చు, డిస్క్ పోయినా రావచ్చు. దీనికి చాలామంది ఊహించని కారణం ఇంకోటి ఉంది, అది మదర్‌బోర్డు మీది నాణెమంత బ్యాటరీ, సీఆర్ 2032. అది అయిపోతే బయోస్ సెట్టింగులన్నీ మొదటికి వచ్చి, డిస్క్ నడిచే పద్ధతి మారిపోయి ఈ లూప్ పడవచ్చు. బయోస్‌లో తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లి ఉంటే అదే గుర్తు. మెమరీ మేనేజ్‌మెంట్ అని ఉంటే మళ్లీ ర్యామ్ దగ్గరికే వెళ్లండి. డబ్ల్యూహెచ్‌ఈఏ అన్న అక్షరాలతో మొదలైతే ప్రాసెసర్, వేడి, కరెంట్ లాంటి హార్డ్‌వేర్ సంగతి. వీడియో అన్న మాటతో మొదలైతే గ్రాఫిక్స్ కార్డో దాని డ్రైవరో. కింద ఏదైనా ఫైలు పేరు కూడా ఉంటే అది బంగారం లాంటి ఆధారం, ఆ పేరు గూగుల్‌లో కొడితే ఏ కంపెనీ డ్రైవరో చెప్పేస్తుంది.

ఒక్క చెడ్డ ఫైలు ఎంత పని చేయగలదో 2024 జూలై 19న ప్రపంచమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు సరిగ్గా ఇలాగే పడిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాస్ చేత్తో రాసిచ్చారు. దానికి చెప్పిన విరుగుడూ సామాన్యమైనదే: సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఫైలు తీసేసి రీస్టార్ట్ చేయడం. మన ఇంటి సిస్టమ్‌కూ పద్ధతి అదే.

సేఫ్ మోడ్ నిలబడితే సంతోషించండి, హార్డ్‌వేర్ చాలావరకు బాగున్నట్టు. పిన్ తీసుకోక అకౌంట్ పాస్‌వర్డ్ అడిగే అవకాశం ఉంది, గుర్తుందో లేదో ముందే చూసుకోండి. లోపలికి వెళ్లాక మిమ్మల్ని మీరు అడగాల్సింది ఒక్కటే: బాగున్న ఆఖరి రోజుకూ పడిపోయిన మొదటి రోజుకూ మధ్య ఏం జరిగింది? కొత్త యాంటీవైరస్ వేశారా, ప్రింటర్ డ్రైవర్ ఎక్కించారా, పిల్లలు ఏదైనా గేమ్ దించారా? దాన్ని తీసేయండి. రెండు యాంటీవైరస్‌లు ఒకేచోట ఉన్న ఇళ్లు నేను చాలానే చూశాను, రెండూ కాపలా కాస్తూ ఒకదాన్నొకటి దొంగ అనుకుంటాయి. గ్రాఫిక్స్ డ్రైవర్ మీద అనుమానమైతే డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్ మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్, డ్రైవర్, రోల్ బ్యాక్.

విండోస్ అప్‌డేట్ తర్వాతే మొదలైందా? మైక్రోసాఫ్ట్ నెలవారీ అప్‌డేట్‌లు ప్రతి నెలా రెండో మంగళవారం వదులుతుంది, మనకు అది రాత్రయి బుధవారం పొద్దుటికి చేరుతుంది. ఆ వారంలో పడిపోతే రిపేర్ తెరలోనే అన్ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ ఎంచుకుని, చివరి క్వాలిటీ అప్‌డేట్ తీసేయండి. దానికీ లొంగకపోతే పక్కనే ఉన్న సిస్టమ్ రిస్టోర్. రిస్టోర్ పాయింట్ ఉంటే విండోస్‌ను ఆ రోజుకు తీసుకెళ్తుంది, మీ ఫొటోలూ ఫైళ్లూ ముట్టుకోదు. స్టార్టప్ రిపేర్ కూడా ఒకసారి నొక్కి చూడండి, ఎక్కువ ఆశ మాత్రం పెట్టుకోకండి.

ఇంకా ముందుకు వెళ్లేలోపు ఫైళ్లు బయటికి తీసుకోండి

సేఫ్ మోడ్ కూడా రాకపోతే ఇక్కడ ఆగండి. ఫొటోలు, పాస్‌పోర్టు స్కాన్‌లు, షాపు లెక్కలు ముందు బయటికి తీయాలి. విండోస్ తెరుచుకోకపోయినా తీయవచ్చు, దీనికో చక్కటి చిట్కా ఉంది.

రిపేర్ తెరలో కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. పెన్‌డ్రైవ్ గానీ ఎక్స్‌టర్నల్ డిస్క్ గానీ తగిలించండి. నల్ల కిటికీలో నోట్‌ప్యాడ్ అని ఇంగ్లిష్‌లో కొట్టి ఎంటర్ నొక్కితే నిజంగానే నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది. అందులో ఫైల్, ఓపెన్ నొక్కండి. వచ్చిన చిన్న పెట్టెలో కింద టెక్స్ట్ డాక్యుమెంట్స్ అని ఉన్నచోట ఆల్ ఫైల్స్ పెట్టండి. ఇప్పుడు ఆ పెట్టే మీ మై కంప్యూటర్. కావలసిన ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి కాపీ, పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లి పేస్ట్. కాపీ జరుగుతోందన్న గుర్తేమీ కనిపించదు, పెట్టె బిగుసుకుపోయినట్టుంటుంది. అయిపోయేదాకా కదపకండి. ఇక్కడ డ్రైవ్ అక్షరాలు అటూ ఇటూ మారి ఉండవచ్చు, మీ సీ డ్రైవ్ డీగా కనిపించినా కంగారు పడొద్దు, లోపల యూజర్స్ ఫోల్డర్ ఉన్నదే మీది.

షాపు లెక్కలకు ట్యాలీ వాడేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ఆ డేటా మామూలుగా డాక్యుమెంట్స్‌లో ఉండదు, ట్యాలీ ఫోల్డర్‌లో డేటా అనే పేరుతో వేరే ఉంటుంది. అది విడిగా వెతికి తీసుకోండి.

డిస్క్ నుంచి టిక్ టిక్ మని లయగా శబ్దం వస్తుంటే మాత్రం ఇది కూడా వద్దు. ఆపేసి పక్కన పెట్టండి. లోపల తల గీసుకుంటున్న హార్డ్ డిస్క్‌ను ఆన్ చేసిన కొద్దీ ఇంకా పోతుంది. ఫైళ్లు అంత ముఖ్యమైతే డేటా రికవరీ వాళ్ల దగ్గరికే నేరుగా.

ఫైళ్లు భద్రమయ్యాక డిస్క్‌ను తనిఖీ చేయవచ్చు. అదే నల్ల కిటికీలో సి హెచ్ కె డి ఎస్ కె అన్న ఆరు అక్షరాలు, ఒక ఖాళీ, డ్రైవ్ అక్షరం, కోలన్, మళ్లీ ఖాళీ, ముందుకు వాలిన గీత, ఆర్. పాత పెద్ద హార్డ్ డిస్క్ అయితే దీనికి గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. ఎలాగోలా నడుస్తున్న డిస్క్‌ను ఫైళ్లు తీసుకోకుండా ఇలా రుద్దితే బొక్కబోర్లా పడే ప్రమాదం ఉంది, అందుకే వరస ఇది.

ఆఖరిది, రీసెట్ దిస్ పీసీ. కీప్ మై ఫైల్స్ ఎంచుకుంటే మీ ఫైళ్లు ఉంటాయి, మీరు వేసుకున్న ప్రోగ్రాములన్నీ పోతాయి. డీటీపీ పని చేసేవాళ్లకు అను స్క్రిప్ట్ మేనేజర్, ఫాంట్లు, పేజ్‌మేకర్ అన్నీ మళ్లీ వేసుకోవాల్సిందే. ఆ సీడీలూ కీలూ ఇంట్లో ఉన్నాయో లేదో చూసుకున్నాకే నొక్కండి. అప్పటిదాకా ఫార్మాట్ మాట ఎత్తొద్దని మొదట అన్నది ఇందుకే.

కాసేపు పనిచేసి పడిపోతుంటే

ఎండాకాలం అయితే ముందు వేడి. క్యాబినెట్ తెరిచి ప్రాసెసర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి. తిరుగుతున్నా కింద లోహపు రెక్కల మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంటే లాభం లేదు. ప్లగ్ పీకి, ఫ్యాన్ రెక్కను వేలితో కదలకుండా పట్టుకుని, బ్రష్‌తోనో బ్లోయర్‌తోనో దులపండి. పట్టుకోకుండా బ్లోయర్ పెడితే ఫ్యాన్ గిర్రున తిరిగి పాడవుతుంది. నాలుగైదేళ్ల సిస్టమ్ అయితే ప్రాసెసర్‌కూ ఆ లోహపు రెక్కలకూ మధ్య వేడిని దాటించే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండవచ్చు, పాతది తుడిచి కందిగింజంత కొత్తది పెడితే చాలు. బయోస్‌లో ఏ పనీ లేకుండానే ప్రాసెసర్ వేడి 80 డిగ్రీలు దాటుతుంటే ఇక అనుమానం అక్కర్లేదు. ల్యాప్‌టాప్ అయితే పరుపు మీద నుంచి తీసి బల్ల మీద పెట్టండి, చాలావాటికి గాలి పోయే దారులు కిందనే ఉంటాయి.

సినిమా చూస్తే ఏమీ కాదు, గేమ్ మొదలెడితే పడిపోతుంది అంటే ఎస్‌ఎమ్‌పీఎస్ బరువు మోయలేకపోతోంది. పెట్టె మీద 450 వాట్లు అని రాసి ఉన్నంత మాత్రాన చవకరకం ఎస్‌ఎమ్‌పీఎస్ అంత ఇస్తుందన్న నమ్మకం లేదు. గ్రాఫిక్స్ కార్డు తీసేసి మదర్‌బోర్డు మీది మానిటర్ పోర్టుతో నడిపి చూస్తే తేలిపోతుంది, ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటేనే సుమా.

విండోస్ తెరుచుకుంటోంది కాబట్టి సాక్ష్యం కూడా లోపలే దొరుకుతుంది. స్టార్ట్‌లో ఈవెంట్ వ్యూయర్ అని వెతికి, విండోస్ లాగ్స్, సిస్టమ్ చూడండి. కెర్నల్ పవర్ 41 అని ఎర్రగా కనిపిస్తుంది. దాన్ని చూసి ఏదో పెద్ద రోగం అనుకోకండి, "సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయాను" అని చెప్పడం తప్ప దాని అర్థం ఇంకేమీ కాదు. చూడాల్సింది దాని పక్కన 1001 నంబరుతో బగ్‌చెక్ అన్న నమోదు ఉందా అని. ఉంటే నీలం తెర వచ్చింది, కోడ్ అక్కడే రాసి ఉంటుంది. లేకుండా ఒట్టి 41 మాత్రమే వరసగా కనిపిస్తుంటే విండోస్‌కు మాట్లాడే వ్యవధి కూడా ఇవ్వకుండా కరెంట్ తెగిందన్నమాట, ఎస్‌ఎమ్‌పీఎస్, యూపీఎస్, వేడి వైపు చూడండి. ర్యామ్ అనుమానం మిగిలి ఉంటే స్టార్ట్‌లో విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ నొక్కి రాత్రికి వదిలేయండి.

తెర మీద హెచ్చరికతో పాటు "ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని కనిపిస్తే అది కంప్యూటర్ జబ్బు కాదు, మోసం. అసలైన నీలం తెర ఎప్పుడూ ఫోన్ నంబరు ఇవ్వదు. ఇప్పటికే డబ్బు కట్టేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

షాపుకు తీసుకెళ్లాల్సి వస్తే

అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్న పిల్లలకు వీడియో కాల్‌లో చూపించేవాళ్లు ముందు కెమెరా కాకుండా వెనక కెమెరా పెట్టి, తెర నిలకడగా చూపించండి. సగం సమయం అమ్మ ముఖమే కనిపిస్తుంది. కాల్ కంటే స్టాప్ కోడ్ ఫొటో ఒకటి వాట్సాప్‌లో పంపడం ఇంకా నయం.

షాపులో "పనిచేయట్లేదు" అని ఇవ్వకండి. ఒక చీటీ రాసి ఇవ్వండి: ఎన్నో సెకనులో పడిపోతోంది, బయోస్‌లో ఎంతసేపు ఆగింది, ఒక్కో ర్యామ్‌తో ఏమైంది, కోడ్ ఏమిటి. ఈ నాలుగు వరసలు చూశాక ఎవరూ మీకు మదర్‌బోర్డు కథ అంత సులువుగా చెప్పలేరు. ఫైళ్లు ముఖ్యమైతే డెస్క్‌టాప్ హార్డ్ డిస్క్ విప్పి ఇంట్లోనే ఉంచుకుని మిగతాది ఇవ్వవచ్చు, కరెంటూ బోర్డూ పరీక్షించడానికి డిస్క్ అక్కర్లేదు. ఏ భాగం మార్చినా పాతది తిరిగి ఇమ్మని ముందే చెప్పండి. ఇంటికి తెచ్చాక రేకు బిగించకముందే రెండు గంటలు నడిపి చూడండి, మోటారు కూడా ఒకసారి వేసి.